ఎడమ మణికట్టు ప్రాజెక్టు: 11 వారాల డైరీ

1వ రోజు

ఇవాళ్టి నుంచి దీన్ని ఒక ప్రాజెక్టుగా తీసుకుంటున్నాను. నాలుగు నెలలుగా ఎడమ మణికట్టు నొప్పి వస్తోంది, పోతోంది. ఈ మధ్య పోవడం మానేసింది. నిన్న రాత్రి కంప్యూటర్‌లో మూడు మ్యాచ్‌లు ఆడి లేచి తలుపు గొళ్లెం తియ్యబోతే మణికట్టులో చురుక్కుమంది. చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. గొళ్లెం తియ్యలేని చేత్తో ఆటలు ఎన్నాళ్లు ఆడతానని భయమేసింది.

నొప్పి ఎక్కడుందో ముందు కచ్చితంగా రాసుకుంటున్నాను. మణికట్టు మీద చిటికెన వేలి వైపు ఒక ఎముక గుండ్రంగా పొడుచుకొచ్చి ఉంటుంది కదా, దాని పక్కనే. నొక్కితే నొప్పి. బరువు ఎత్తి చెయ్యి తిప్పితే ఇంకా నొప్పి. ఆడుతున్నంతసేపూ పెద్దగా తెలియదు, పొద్దున్నే తెలుస్తుంది.

ఇంతకుముందు కీబోర్డు ముందు చెయ్యి ఆనించుకునే జెల్ ప్యాడ్ కొన్నాను, మణికట్టుకి పట్టీ వేశాను, పూత మందు రాశాను. అన్నీ ఒకేసారి చెయ్యడం వల్ల ఏది పనికొచ్చిందో, ఏది చెడగొట్టిందో తెలియలేదు. ఈసారి ఒక్కొక్కటే మారుస్తాను. ఒక్కో మార్పుకి కనీసం నాలుగు రోజులు ఇస్తాను. మార్కులు వేసేది ఆడిన వెంటనే కాదు, మర్నాడు పొద్దున లేచాక. మూడు పనులు చేసి చూస్తాను: గొళ్లెం తిప్పడం, నిండు నీళ్ల బాటిల్ ఎత్తడం, అరచెయ్యి గోడకి ఆనించి నొక్కడం. సున్నా అంటే ఏమీ లేదు, 10 అంటే భరించలేను. ఇవాళ 5.

2వ రోజు

డాక్టరు దగ్గరికి వెళ్లాను. మేజా బల్లా మార్చే ముందు ఈ పని చెయ్యాలని గట్టిగా అనుకున్నాను, ఎందుకంటే మణికట్టు నొప్పులన్నీ ఒకటి కావు.

ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "ఏ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి?"

"తిమ్మిరి లేదండీ. నొప్పే."

"రాత్రి తిమ్మిరితో మెలకువ వస్తుందా? చేతిలోంచి వస్తువులు జారిపోతున్నాయా?"

రెండూ లేవు. రెండు చేతుల వెనక భాగాలు ఒకదానికొకటి ఆనించి, మణికట్లు కిందికి వంచి ఒక నిమిషం ఉంచమన్నారు. వేళ్లలో జివ్వుమనలేదు. తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు వంపుగా అమరి ఉంటాయి, వాటి మీద వంతెనలా ఒక గట్టి పట్టీ. మధ్యలో ఏర్పడే సన్నటి సొరంగంలోంచి వేళ్లను ముడిచే తొమ్మిది టెండాన్లు (కండని ఎముకకి కలిపే తాళ్లలాంటివి), ఒక ముఖ్యమైన నరం వెళ్తాయి. బొటనవేలు, చూపుడు వేలు, నడి వేలు, ఉంగరపు వేలిలో సగం ఆ నరం కిందికి వస్తాయి. వాటిలో తిమ్మిరి, అదీ రాత్రిళ్లు, వస్తే ఆ నరం నలుగుతున్నట్టు అనుమానించాలి. చిటికెన వేలు, ఉంగరపు వేలిలో మిగతా సగం తిమ్మిరెక్కితే అది వేరే నరం. నా విషయంలో నరం జోలికి వెళ్లలేదని, మణికట్టుని చిటికెన వేలి వైపు లాగే టెండాన్ మీద పని భారం ఎక్కువైందని చెప్పారు.

"ఇక గేమ్స్ మానేయాలా డాక్టర్‌గారూ?"

"మానేయమనడం లేదు. పది రోజులు పూర్తిగా ఆపండి. ఆ తర్వాత ఇప్పుడు ఆడినట్టే ఆడితే మళ్లీ ఇక్కడికే వస్తారు."

ఆ రెండో వాక్యమే ఈ ప్రాజెక్టు. తిమ్మిరి ఉన్నవాళ్లు, పట్టు తప్పుతున్నవాళ్లు ఈ డైరీ చూసి సొంత వైద్యం చేసుకోవద్దు. ముందు చూపించుకోండి. నరం ఎక్కువ కాలం నలిగితే బొటనవేలి కండ కూడా తగ్గిపోవచ్చు.

12వ రోజు

పది రోజులు ఆట లేదు. పొద్దుటి మార్కులు 5, 5, 4, 4, 4, 3, 3, 2, 2, 2. విశ్రాంతి పనిచేస్తోంది, కాబట్టి టెండాన్ ఇంకా కోలుకునే స్థితిలోనే ఉంది. ఎంత ఊరట కలిగిందో చెప్పలేను.

13వ రోజు: కోణాలు కొలవడం

ఇవాళ ఏమీ మార్చలేదు, కొలిచానంతే. ఈ ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ ఉపయోగపడింది ఈ రోజే అనిపిస్తోంది.

పెన్నుతో చేతిమీద చుక్కలు పెట్టుకున్నాను: మోచేతి ఎముక మీద ఒకటి, మణికట్టు పక్క ఎముక మీద ఒకటి, చిటికెన వేలి కణుపు మీద ఒకటి. ఫోన్‌ని సరిగ్గా మణికట్టు ఎత్తులో, పక్కనుంచి నిలబెట్టాను. పైనుంచి చూసేందుకు ఇంకో మూడు చుక్కలు: ముంజేయి మధ్య, మణికట్టు మధ్య, నడి వేలి కణుపు. పైనుంచి తీసే ఫోన్‌ని లైటు స్టాండుకి కట్టాను. ఫొటోకి నిలబడినట్టు చెయ్యి పెట్టకుండా, ఒక మ్యాచ్ మొత్తం వీడియో తీసి, హడావుడిగా ఉన్న క్షణాల్లో ఆపి, తెర మీద కోణమానిని పెట్టి కొలిచాను. నింపాదిగా కూర్చున్నప్పుడు చెయ్యి బుద్ధిగానే ఉంటుంది. పోట్లాట మొదలయ్యాకే అసలు వంపు బయటపడుతుంది.

చెయ్యి వెనక్కి లేచే పై వంపు 29 డిగ్రీలు. చిటికెన వేలి వైపు పక్క వంపు 19 డిగ్రీలు.

మణికట్టు తిన్నగా ఉన్నప్పుడు సొరంగంలో ఒత్తిడి తక్కువ, వంగేకొద్దీ పెరుగుతుంది. పరిశోధకులు పీటర్ కీర్, డేవిడ్ రెంపెల్ బృందం 2007లో దీనికి హద్దులు సూచించింది: పై వంపు సుమారు 33 డిగ్రీలు, పక్క వంపు సుమారు 15 డిగ్రీలు దాటకుండా ఉంటే ఎక్కువమందిలో ఒత్తిడి ప్రమాదకర స్థాయికి చేరదు. అది నరం లెక్క, నాది టెండాన్ బాధ. అయినా నా పక్క వంపు ఆ హద్దు కూడా దాటి ఉందంటే, నొప్పి ఆ వైపే ఎందుకొచ్చిందో అర్థమైంది. ఇన్నాళ్లూ నేను జెల్ ప్యాడ్ పెట్టింది అరచేతి కింద. వంగుతున్నదేమో పక్కకి.

14వ రోజు

మొదటి మార్పు నిమిషం కూడా పట్టలేదు. కీబోర్డు వెనకవైపు ఉండే చిన్న కాళ్లు మడిచేశాను. ఆ కాళ్లు వెనక అంచుని లేపుతాయి, దాంతో వేళ్లు పైకి ఎక్కాలి, మణికట్టు వెనక్కి విరుచుకోవాలి. అక్షరాలు బాగా కనిపించడానికి తప్ప అవి నాకు దేనికీ పనికిరావు. పై వంపు 29 నుంచి 23కి తగ్గింది.

ఆట మళ్లీ మొదలుపెట్టాను. రోజుకి ఒక గంట మాత్రమే.

18వ రోజు: పక్క వంపు మీద పని

ఎడమ ముంజేయి భుజం బయటి నుంచి లోపలికి ఏటవాలుగా వస్తుంది. కీబోర్డు వరసలేమో మేజా అంచుకి సమాంతరంగా ఉంటాయి. ఈ రెండింటికీ మధ్య తేడాని ఇన్నాళ్లూ మణికట్టు మోసింది. పైగా చిటికెన వేలు షిఫ్ట్ మీద, కంట్రోల్ మీద ఉండాలి. ఆ వేలు చాచిన ప్రతిసారీ చెయ్యి మొత్తం ఆ వైపు వాలుతుంది.

కాబట్టి చెయ్యి కీబోర్డుకి తగ్గట్టు కాదు, కీబోర్డు చేతికి తగ్గట్టు తిరగాలి. కుడి అంచుని నా వైపు లాగి, ఎడమ అంచుని తెర వైపు తోశాను. పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో. ఎంత తిప్పాలో లెక్క వెయ్యలేదు. కళ్లు మూసుకుని, భుజం వదులుగా ఉంచి, చెయ్యి మేజా మీద పడిన చోటే వదిలేశాను. తర్వాత దాని కిందికి కీబోర్డుని తెచ్చి, నడి వేలు డబ్ల్యూ, ఎస్ మీద తిన్నగా ముందుకీ వెనక్కీ వెళ్లేలా తిప్పాను. కొలిస్తే 16 డిగ్రీలు వచ్చింది.

ఒక చిక్కు వచ్చింది. నాది 104 కీల పూర్తి కీబోర్డు. తిప్పగానే నంబర్ ప్యాడ్ ఉన్న కొస మౌస్ చోటులోకి వచ్చేసింది. మా టీములో చిన్నవాడికి ఫోన్ చేశాను.

"అన్నా, నా దగ్గర 87 కీలది ఖాళీగా ఉంది. నంబర్ ప్యాడ్ లేదు. వాడి చూడు, నచ్చకపోతే ఇచ్చెయ్యి."

పెట్టి చూశాక వేరే లాభం కూడా కనిపించింది. కీబోర్డు పొట్టిగా ఉంటే మౌస్ శరీరానికి దగ్గరగా వస్తుంది. కుడి భుజం బయటికి చాపి ఉంచాల్సిన పని లేదు.

ఇంకో సంగతి. టైపింగ్‌కి కీబోర్డు మధ్యన ఉండాలి, రెండు చేతులూ పనిచేస్తాయి కాబట్టి. ఆటకి ఎడమ చెయ్యి ఉన్న కీలు ఎడమ భుజానికి ఎదురుగా ఉండాలి. ఈ రెండూ ఒకే చోటు కాదు. మేజా మీద రెండు రంగుల టేపు అంటించి రెండు స్థానాలూ గుర్తుపెట్టుకున్నాను. ఆట మొదలయ్యే ముందు కీబోర్డు ఎర్ర టేపు దగ్గరికి జరగాలి, అంతే.

పక్క వంపు 19 నుంచి 7కి వచ్చింది.

22వ రోజు

నాలుగు పొద్దుల మార్కులు: 3, 2, 2, 1. గంట చొప్పున ఆడాను. ఇంతకుముందు గంట ఆడినా పొద్దున 3 కంటే తగ్గలేదు.

24వ రోజు: కీబోర్డు కింద పీట, మొదటి వైఫల్యం

పై వంపు ఇంకా 23 ఉంది. కాళ్లు మడిచినా నా కీబోర్డు 6 డిగ్రీలు నా వైపు వాలే ఉంటుంది. ముందు అంచుని లేపితే వాలు తెర వైపు మారుతుంది, వేళ్లు ఎక్కే బదులు దిగుతాయి. కీబోర్డు లోతు 14 సెంటీమీటర్లు. ముందు అంచు 22 మిల్లీమీటర్లు లేస్తే వాలు 9 డిగ్రీలు తిరుగుతుంది, అంటే మొత్తం మీద 3 డిగ్రీలు అటువైపు. పాత అట్టపెట్టె కోసి ఏడు పొరలు అంటించి, కీబోర్డు ముందు అంచు కింద పెట్టాను.

రెండు మ్యాచ్‌లకే మణికట్టు పట్టేసింది. వీడియో తీసి చూస్తే పై వంపు 30 డిగ్రీలు! తగ్గాల్సింది పెరిగింది.

కాసేపు ఏమీ అర్థం కాలేదు. తర్వాత పక్కనుంచి తీసిన వీడియోలో కనిపించింది. అరచెయ్యి మేజా మీదే ఉంది. దాని ఎదురుగా ఇప్పుడు నాలుగు సెంటీమీటర్ల గోడ లేచింది. వేళ్లు ఆ గోడ ఎక్కి అవతలికి వెళ్లాలంటే మణికట్టు ఇంకా విరుచుకోవాలి. కీబోర్డు వాలు మార్చడం సగం పనే. మోచెయ్యి కూడా ఆ మేరకు లేవకపోతే ఆ సగం పని హాని చేస్తుంది. ఈ ఒక్క వాక్యం ముందే తెలిసుంటే ఎంత బావుండేదో.

26వ రోజు

కుర్చీ నాలుగు సెంటీమీటర్లు పైకెత్తాను. ఇప్పుడు మోచెయ్యి కీల కంటే కొంచెం పైన ఉంది, ముంజేయి వేళ్ల వైపు సన్నగా దిగుతోంది. అరచెయ్యి మేజాకి ఆనడం లేదు. పాదాలు నేలకి సరిగ్గా అందక తొడల కింద ఒత్తుకుంటుంటే, కాళ్ల కింద ఒక గట్టి పెట్టె పెట్టాను. తెర కూడా ఆ మేరకు పైకి జరిపాను, లేకపోతే మెడ వంగుతుంది. ఒకటి కదిపితే నాలుగు కదపాల్సి వచ్చింది.

పై వంపు 9 డిగ్రీలు.

మూడు రోజులు అట్టతోనే ఆడి, సరిపోయిందని నమ్మకం కుదిరాక చెక్కతో చేశాను. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ని 36కి 4 సెంటీమీటర్ల పట్టీలుగా రెండు కోసి, చెక్క జిగురుతో ఒకదాని మీద ఒకటి అంటించి, రాత్రంతా బరువు కింద ఉంచాను. అంచులు శాండ్‌పేపర్‌తో గుండ్రంగా రుద్దాను. పైనా కిందా రబ్బరు ముక్కలు అంటించాను, లేకపోతే ఆట వేడెక్కినప్పుడు కీబోర్డు జారిపోతుంది. జిగురుతో కలిపి 24 మిల్లీమీటర్లు వచ్చింది, ఆ 2 మిల్లీమీటర్ల తేడా నాకు తెలియలేదు. మెషిన్లేవీ వాడలేదు, చేతి రంపమే. చెక్క పనిలో అనుభవం లేనివాళ్లు అట్టతోనే ఉండిపోయినా పర్వాలేదు. అది కొన్ని నెలలు ఆగుతుంది.

మేజా అంచు ముంజేతిని కోస్తున్నట్టు ఉంటే, పైపుకి తొడిగే నురుగు గొట్టాన్ని నిలువునా చీల్చి ఆ అంచుకి తొడిగాను.

పాత జెల్ ప్యాడ్ సంగతి: పారెయ్యలేదు. కానీ ఆడేటప్పుడు దాని మీద మణికట్టు పెట్టను. మణికట్టు అడుగుభాగమే ఆ సొరంగం పైకప్పు, అక్కడ బరువు పెడితే లోపలున్నవాటి మీద నేరుగా నొక్కినట్టే. మ్యాచ్ మధ్య ఖాళీలో అరచేతి మడమ దాని మీద ఆనిస్తున్నాను.

33వ రోజు: ఏ వేలు ఎంతసేపు నొక్కుతోంది?

మార్కులు 1, 2 దగ్గర నిలిచిపోయాయి. గంటన్నర ఆడితే 2. కోణాలు బాగున్నా ముంజేయి పైభాగం బరువెక్కుతోంది.

వేళ్లలో వాటిని ముడిచే కండలు ఉండవు. ఎక్కువ భాగం ముంజేతిలో ఉంటాయి, అక్కణ్నుంచి టెండాన్లు తాళ్లలా మణికట్టు మీదుగా వేళ్లకి వెళ్తాయి. ఒక కీని కొట్టి వదిలితే కండకి ఊపిరి దొరుకుతుంది. అదే కీని అలాగే నొక్కి పట్టుకుంటే కండ బిగిసే ఉంటుంది, రక్తం సరిగ్గా ఆడదు. టైపింగ్‌కీ ఆటకీ అసలు తేడా ఇక్కడే ఉంది. టైపింగ్‌లో వేళ్లు కొడతాయి, ఆటలో పట్టుకుంటాయి. ఆఫీసు పనివాళ్ల కోసం రాసిన సలహాలు ఆటగాళ్లకి సగమే సరిపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

ఎంతసేపు పట్టుకుంటున్నానో తెలుసుకోవాలని పైనుంచి తీసిన 30 నిమిషాల వీడియో ముందు స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నాను. విసుగు పుట్టించే పని, కానీ చేశాను. ముందుకి నడవడానికి డబ్ల్యూ 17 నిమిషాలు. పరుగు కోసం షిఫ్ట్ 13 నిమిషాలు. వంగి నడవడానికి కంట్రోల్ 4 నిమిషాలు. మాట్లాడటానికి నొక్కే వి కీ 3 నిమిషాలు.

చిటికెన వేలు, చేతిలో అన్నిటికంటే బలహీనమైన వేలు, అరగంటలో 17 నిమిషాలు ఏదో ఒకటి పట్టుకునే ఉంది! అదీ చాచి. పక్క వంపుకి అసలు కారణం కూడా అదే.

మార్పులన్నీ ఆట సెట్టింగుల్లోనే చేశాను. కీలని మన బదులు నొక్కే బయటి మాక్రో ప్రోగ్రాములు వాడితే కొన్ని ఆటలు మోసంగా పరిగణిస్తాయి. పరుగుని పట్టుకునే పద్ధతి నుంచి ఒకసారి నొక్కితే మొదలయ్యే పద్ధతికి మార్చాను. వంగి నడవడాన్ని చిటికెన వేలి నుంచి తీసి సి కీకి ఇచ్చాను, అక్కడికి చూపుడు వేలు సులువుగా వెళ్తుంది. మాట్లాడే బటన్ మౌస్ పక్క బటన్ మీదికి వెళ్లింది. 5, 6 అంకెల మీదున్న ఆయుధాలు మౌస్ చక్రానికి.

పరుగుకి షిఫ్ట్‌ని వెంటవెంటనే కొడుతుంటే విండోస్‌లో స్టిక్కీ కీస్ (షిఫ్ట్ లాంటి కీలని నొక్కి పట్టుకోకుండానే వాడే సదుపాయం) పెట్టె ఆట మధ్యలో తెర మీదికి వస్తుంది. షిఫ్ట్ ఐదుసార్లు వరసగా నొక్కితే అది వస్తుంది. సెట్టింగుల్లో ఆ షార్ట్‌కట్ ఆపేశాను.

36వ రోజు

అలవాటు పడటానికి మూడు రోజులు పట్టింది. మొదటి రోజు వంగాల్సిన చోట నిలబడి చచ్చిపోయాను, పాపం టీము ఓపిక పట్టింది. అదే వీడియో లెక్క మళ్లీ వేస్తే చిటికెన వేలు అరగంటలో రెండు నిమిషాల లోపే పనిచేస్తోంది. ముంజేయి బరువు సగానికి పైగా తగ్గింది. డబ్బు ఖర్చు లేదు, చెక్క కొయ్యలేదు. మొదట్లోనే ఈ పని చేసి ఉంటే మిగతావి ఇంత ఆత్రంగా చేసేవాణ్ని కాదేమో.

41వ రోజు: ఒక కాలమ్ కుడికి

ఆటలో నడవడానికి వాడే డబ్ల్యూ, ఏ, ఎస్, డీ అనే అమరిక ఎవరో శాస్త్రీయంగా నిర్ణయించింది కాదు. తొలినాళ్లలో చాలామంది బాణం కీలతో ఆడేవారు. 'థ్రెష్' పేరుతో ఆడిన డెనిస్ ఫాంగ్ ఈ అమరికతో ఆడి, 1997లో రెడ్ అనైహిలేషన్ అనే క్వేక్ ఆట పోటీ గెలిచి, ఆ ఆట తయారుచేసినవాళ్లలో ఒకరైన జాన్ కార్మాక్ ఫెరారీ కారుని బహుమతిగా అందుకున్నాక ఇది బాగా వ్యాపించింది. ఫాంగ్ చేతికి కుదిరింది అందరి చేతికీ కుదరాలని లేదు కదా.

అందుకే ఈ, ఎస్, డీ, ఎఫ్‌కి మారి చూశాను. చూపుడు వేలు ఎఫ్ మీద, దాని బుడిపె మీదే ఉంటుంది, కాబట్టి చీకట్లో కూడా చెయ్యి చోటు తప్పదు. చిటికెన వేలు ఏ కీ మీద సహజంగా వాలుతుంది, చాచనక్కర్లేదు. పరుగుని ఏ కీకి ఇచ్చాను. చెయ్యి మేజా మీద ఇంకాస్త లోపలికి వచ్చింది కాబట్టి కీబోర్డుని అంతే దూరం ఎడమకి జరిపాను, ఎర్ర టేపు కొత్త చోటికి మారింది.

ఆరు రోజులు తడబడ్డాను. ఇప్పుడు వెనక్కి వెళ్లాలని లేదు. కొత్త ఆట పెట్టినప్పుడల్లా కీలన్నీ మార్చుకోవడం మాత్రం తలనొప్పే, అందరికీ చెయ్యమనను.

46వ రోజు: స్విచ్‌లు

చిన్నవాడి కీబోర్డులో ప్రతి కీ కింద ఉండే స్విచ్‌లు పీకి మార్చుకోవచ్చు. అందులో ఉన్నవి చెర్రీ కంపెనీ ఎంఎక్స్ బ్లాక్ రకం, పనిచేయడానికి 60 గ్రాముల బలం కావాలి. ఎంఎక్స్ రెడ్‌కి 45 చాలు. రెండూ 2 మిల్లీమీటర్ల లోతులో పనిచేస్తాయి. ఎక్కువసేపు పట్టుకునే కీలకి మాత్రమే రెడ్ వేశాను, మిగతావి అలాగే ఉంచాను. రెండో రోజుకే వేళ్లకి తేడా తెలిసింది.

ఇంకా తేలిక చేద్దామని 1.2 మిల్లీమీటర్లకే పనిచేసే స్పీడ్ సిల్వర్ స్విచ్‌ని చిటికెన వేలి కీకి పెట్టాను. అది తప్పయింది. వేలు ఊరికే ఆనినా పరుగు మొదలవుతోంది. నాకు తెలియకుండానే వేలిని గాల్లో లేపి ఉంచడం మొదలుపెట్టాను. లేపి ఉంచడం కూడా పనే, అది ముంజేయి పైభాగం చేస్తుంది. నొప్పి ఉన్న టెండాన్ కూడా ఆ వైపుదే. నాలుగు రోజుల్లో తీసేసి బ్లాక్ వేశాను. వేలు నిశ్చింతగా ఆనగలిగేంత బరువు ఉండాలి, పట్టుకున్నప్పుడు అలసిపోనంత తేలికగా ఉండాలి. ఆ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో ఎవరి వేలు వాళ్లకి చెప్పాలి.

52వ రోజు: మేజాకి సంబంధం లేని నొప్పి

మార్కులు సున్నాకి రావడం లేదు. 1, 1, 2, 1. ఆడని రోజు మర్నాడు కూడా 1. ఆట ఆడకపోయినా నొప్పి ఉందంటే కారణం వేరే చోట ఉండాలి.

రెండు రోజులు ఎడమ చెయ్యి ఏం చేస్తోందో గమనించాను. పడుకుని ఫోన్ చూసేటప్పుడు దాన్ని ఎడమ చేత్తోనే పట్టుకుంటాను. ఫోన్ బరువంతా చిటికెన వేలి మీద ఆనుతుంది, మణికట్టు మళ్లీ అదే వైపు వంగుతుంది. రోజూ దాదాపు గంట. ఇంకా, పొద్దున లేచేసరికి ఎడమ చెయ్యి గడ్డం కింద పూర్తిగా ముడుచుకుని ఉంటోంది.

ఫోన్‌కి స్టాండు పెట్టాను. రాత్రికి మణికట్టుని తిన్నగా ఉంచే మెత్తటి పట్టీ వేసుకోవచ్చా అని డాక్టరుని అడిగాను. "వదులుగా, రాత్రిపూట మాత్రమే. పగలు వేసుకుని ఆడకండి, కండ బలహీనపడుతుంది" అన్నారు.

57వ రోజు: సున్నా. మొదటి సున్నా! గొళ్లెం తీశాను, బాటిల్ ఎత్తాను, గోడని నెట్టాను. ఏమీ లేదు. మళ్లీ మళ్లీ తీశాను ఆ గొళ్లెం.

61వ రోజు

ఎదురుచూసిన ఆట వచ్చింది. శని, ఆదివారాలు రోజుకి ఆరు గంటలకి పైగా ఆడాను. సోమవారం పొద్దున 4. చెక్క పీట అక్కడే ఉంది, కోణాలు అలాగే ఉన్నాయి, కీలు మారలేదు. గంటలు మారాయి. ఎంత తిన్నగా ఉన్న మణికట్టయినా మోయగలిగే పని ఒక హద్దు వరకే. మంచి అమరిక ఆ హద్దుని జరుపుతుంది, చెరిపెయ్యదు. చాలా బాధేసింది, ఎందుకంటే తప్పించగలిగిన నొప్పి ఇది.

మూడు రోజులు ఆపేశాను. తర్వాతి నుంచి ప్రతి మ్యాచ్ మధ్యలో లేచి నిలబడుతున్నాను. రెండు చేతులూ పక్కకి వదిలేసి, పదిసార్లు గుప్పెట మూసి తెరుస్తాను. మ్యాచ్ లోపల చచ్చిపోయి మళ్లీ పుట్టే ఆ కొన్ని సెకన్లు ఎడమ చెయ్యి కీబోర్డు మీద ఉండదు, ఒళ్లో ఉంటుంది. చిన్నదిగా కనిపిస్తుంది కానీ రాత్రి మొత్తానికి చాలా నిమిషాలవుతాయి. చేతులు చల్లగా ఉంటే గోరువెచ్చటి నీళ్లలో పెట్టి తుడుచుకుని మొదలుపెడతాను.

66వ రోజు: బలం

మార్కు 1కి వచ్చాక ఫిజియోథెరపిస్టుని కలిశాను. నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడు బరువులు ఎత్తి చెడగొట్టుకోకూడదని ఇన్నాళ్లూ ఆగాను. ఆయన రెండు నేర్పారు.

ఒకటి వేళ్ల వ్యాయామం. వేళ్లు తిన్నగా చాపాలి, తర్వాత కొక్కెంలా ముడవాలి, తర్వాత పూర్తి గుప్పెట, తర్వాత కణుపుల దగ్గర మాత్రమే వంచి బల్లలా పెట్టాలి, తర్వాత వేళ్ల కొసలు అరచేతి మడమకి ఆనించాలి. నెమ్మదిగా, ఐదేసి సార్లు. టెండాన్లు వాటి తొడుగుల్లో సాఫీగా జారడానికి ఇది.

రెండోది అర కిలో బాటిల్‌తో. ముంజేయి మేజా మీద, అరచెయ్యి కిందికి, మణికట్టు అంచు బయట. కుడి చేత్తో సాయం చేసి ఎడమ చేతిని పైకి లేపాలి, సాయం తీసేసి నాలుగు సెకన్లు లెక్కపెడుతూ కిందికి దించాలి. 12 సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు.

"దించేటప్పుడు కాస్త తెలిస్తే పర్వాలేదు. మర్నాటికి నొప్పి పెరిగితే బరువు తగ్గించండి," అన్నారు. మళ్లీ మర్నాడే కొలమానం.

77వ రోజు

చివరి పది పొద్దులు: 1, 0, 0, 1, 0, 0, 0, 0, 0, 0. రోజుకి రెండు గంటలు ఆడుతున్నాను, వారంలో ఒక రోజు అస్సలు లేదు. ఇవాళ మళ్లీ చుక్కలు పెట్టుకుని వీడియో తీశాను. పై వంపు 8, పక్క వంపు 5.

చిన్నవాడు కీబోర్డు అడిగాడు. ఇచ్చేస్తున్నాను, కాబట్టి ఎడమ సగం మాత్రమే ఉండే విడి కీబోర్డు ఒకటి కట్టాలని ఉంది. బొటనవేలి వైపు అంచు కాస్త లేపి గుడారంలా పెడితే అరచెయ్యి పూర్తిగా నేల చూడదు, ముంజేయి మెలి కూడా తగ్గుతుంది. దానికి పీట కోణం 10 డిగ్రీలతో మొదలుపెడతాను, ముందు అట్టతోనే. ఇప్పటికి ఏడు పొరలు కోసి ఉంచాను, జిగురు ఆరుతోంది.